లక్నో రాజ్‌భవన్‌కి వెళ్లిన మనవాళ్లు: అంతకు ముందు ఏ పదవులు, తర్వాత ఏ పదవులు?

పాత_పత్రికలు:
అందరికీ నమస్కారం. మన వైపు నుంచి వేరే రాష్ట్రాలకి గవర్నర్లుగా వెళ్లిన వాళ్ల మీద రెండు వారాలుగా నోట్సు రాసుకుంటున్నాను. గవర్నర్ కాకముందు ఏం చేశారు, దిగాక ఏమయ్యారు అన్నదే నాకు కావాల్సింది. అన్ని రాష్ట్రాలూ చేద్దామనుకుని మొదలుపెట్టి ఉత్తరప్రదేశ్ దగ్గరే ఆగిపోయాను. ఎందుకో చూడండి. 1957లో వి.వి. గిరి వెళ్లారు, 1960లో ఆయన స్థానంలో బూర్గుల రామకృష్ణారావు వెళ్లారు. మళ్లీ 1967లో బెజవాడ గోపాలరెడ్డి, 1972లో హైదరాబాద్ లాయరు అక్బర్ అలీ ఖాన్, 1974లో మర్రి చెన్నారెడ్డి, వరసగా ముగ్గురు, 1977 దాకా. మధ్యలో 1972లో కొన్ని నెలలు తప్ప పదేళ్లు లక్నోలో మనవాళ్లే. వీళ్లందరికంటే ముందు, 1947లోనే, హైదరాబాద్ ఇంటి మనిషి సరోజినీ నాయుడు అక్కడ మొదటి గవర్నర్. ఆ పదవిలో ఉండగానే 1949 మార్చి 2న లక్నోలోనే పోయారు.

మా పెదనాన్న రైల్వేలో పనిచేస్తూ ఎమర్జెన్సీ రోజుల్లో లక్నోలో ఉన్నారు. "మీ ఆంధ్ర నుంచే వస్తారేంటయ్యా అందరూ" అని ఆఫీసులో అడిగేవారట. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. తెలిసినవాళ్లు వివరాలు కలపండి. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ఓరుగల్లు_బిడ్డ:
మంచి టాపిక్ అన్నా. కానీ నా అభిప్రాయం సూటిగా చెప్తా. గవర్నర్ అంటే రాజకీయం అయిపోయిన వాళ్లకి ఇచ్చే పెద్ద బంగ్లా. ముందు మంత్రో ముఖ్యమంత్రో అయి ఉంటారు, ఆ తర్వాత ఓడిపోతారు, లేదంటే అధిష్ఠానానికి అడ్డమవుతారు, అప్పుడు పంపేస్తారు. తర్వాత ఏమీ ఉండదు. మన రోశయ్య గారినే చూడండి, ముఖ్యమంత్రి పదవి 2010 నవంబర్‌లో పోయింది, 2011 ఆగస్టు చివర తమిళనాడు గవర్నర్, ఐదేళ్లు పూర్తయ్యాక ఇంటికి.

పాత_పత్రికలు:
రోశయ్య గారి విషయంలో మీరన్నది నిజమే. అన్నేళ్లు ఆర్థిక మంత్రిగా బడ్జెట్లు చదివిన మనిషి, చెన్నై నుంచి వచ్చాక ఇంకే పదవీ తీసుకోలేదు. 2014లో రెండు నెలలు కర్ణాటక అదనపు బాధ్యత కూడా చూశారు. కానీ "తర్వాత ఏమీ ఉండదు" అన్న మాట అందరికీ సరిపోదు తమ్ముడూ. చెన్నారెడ్డి కేసు ఎవరైనా రాస్తే బాగుంటుంది, నేను రాస్తే చాలా పొడుగు అయిపోతుంది.

వికారాబాద్_పంతులు:
చెన్నారెడ్డి గారి గురించి నేను రాస్తాను, మా జిల్లా మనిషి. పొడుగైనా చదవండి, ఎందుకంటే ఆయనది మామూలు దారి కాదు.

1952లో హైదరాబాద్ రాష్ట్రంలో బూర్గుల మంత్రివర్గంలో చిన్న వయసు మంత్రి. ఆ బూర్గులే తర్వాత లక్నోకి గవర్నర్‌గా వెళ్లారు, ఆయన మంత్రివర్గంలో పనిచేసిన కుర్రాడు పద్నాలుగేళ్ల తర్వాత అదే బంగ్లాలోకి వెళ్లాడు. మధ్యలో జరిగిందేమిటంటే, 1967లో ఇందిరమ్మ ప్రభుత్వంలో ఉక్కు, గనుల మంత్రి అయ్యారు. అదే సంవత్సరం జరిగిన తాండూరు ఎన్నిక మీద వందేమాతరం రామచంద్రరావు గారు వేసిన కేసులో ఎన్నిక కొట్టేశారు, ఆరేళ్లు పోటీ చేయకూడదన్నారు. 1968లో కేంద్ర మంత్రి పదవి వదిలేశారు. 1969లో తెలంగాణ ప్రజా సమితి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆయన పోటీ చేయలేడు గానీ ఆయన పార్టీ తెలంగాణలోని 14 సీట్లలో 10 గెలిచింది. తర్వాత పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. 1974 అక్టోబర్‌లో ఉత్తరప్రదేశ్ గవర్నర్.

అక్కడితో అయిపోయిందనుకుంటాం కదా. 1977 అక్టోబర్‌లో లక్నో నుంచి దిగారు. 1978 జనవరిలో కాంగ్రెస్ చీలింది, ఇందిర వైపు ఆంధ్రప్రదేశ్‌లో పార్టీని నడిపింది ఈయనే. మార్చి 6న ముఖ్యమంత్రిగా ప్రమాణం. అంటే రాజ్‌భవన్ నుంచి సచివాలయానికి దాదాపు ఐదు నెలలే పట్టింది! 1980లో దిగిపోయారు, 1982లో పంజాబ్ గవర్నర్, కొన్ని నెలలే. 1989 డిసెంబర్‌లో మళ్లీ ముఖ్యమంత్రి, ఏడాది. 1992లో రాజస్థాన్ గవర్నర్, 1993లో తమిళనాడు గవర్నర్, 1996 డిసెంబర్‌లో ఆ పదవిలో ఉండగానే పోయారు. గవర్నర్, ముఖ్యమంత్రి, గవర్నర్, ముఖ్యమంత్రి, గవర్నర్, గవర్నర్. ఇలా రెండు సార్లు రాజ్‌భవన్ నుంచి వచ్చి ముఖ్యమంత్రి అయినవాళ్లు మన దగ్గర ఇంకెవరూ లేరు.

ఓరుగల్లు_బిడ్డ:
ఒప్పుకుంటున్నా పంతులు గారూ. 89 తర్వాతే గవర్నర్ అయ్యారని ఇన్నాళ్లూ అనుకున్నా. యూపీ సంగతి తెలియదు నాకు.

గ్రూప్స్_ప్రిపేర్:
చిన్న డౌట్ సార్. గవర్నర్‌గా చేసినవాళ్లు మళ్లీ పోటీ చేయకూడదని ఎక్కడో చదివాను. మరి చెన్నారెడ్డి గారు ఎలా వచ్చారు? ఏదైనా ఆర్టికల్ ఉందా?

గుంటూరు_లాయర్:
లేదమ్మా, రాజ్యాంగంలో అలాంటి అడ్డు ఎక్కడా లేదు. 157 ప్రకారం పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, అంతే. 158 ప్రకారం గవర్నర్‌గా ఉన్నంతకాలం పార్లమెంటులో గానీ శాసనసభలో గానీ సభ్యుడుగా ఉండకూడదు, సభ్యుడైతే గవర్నర్‌గా చేరిన రోజు నుంచి ఆ సీటు ఖాళీ అయినట్టే. దిగిపోయాక ఏం చేయకూడదో అందులో రాయలేదు.

నువ్వు చదివింది కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ సిఫారసు అయి ఉంటుంది. 1988లో నివేదిక ఇచ్చారు. గవర్నర్‌గా వచ్చే మనిషి ఈమధ్య కాలంలో రాజకీయాల్లో మరీ మునిగి ఉండకూడదు, ఆ రాష్ట్ర స్థానిక రాజకీయాలతో దగ్గరి సంబంధం ఉండకూడదు, దిగాక మళ్లీ గవర్నర్, ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి లాంటివి తప్ప ఇంకే లాభదాయక పదవీ తీసుకోకూడదు అన్నారు. అది సిఫారసుగానే మిగిలింది. 2004 తర్వాత కూడా చూడు, సుశీల్‌కుమార్ షిండే మహారాష్ట్ర ముఖ్యమంత్రిగా దిగి మన గవర్నర్‌గా వచ్చారు, 2006లో ఇక్కడి నుంచి నేరుగా కేంద్ర మంత్రిగా వెళ్లారు, తర్వాత హోం మంత్రి కూడా అయ్యారు. తమిళిసై గారు 2024లో తెలంగాణ గవర్నర్ పదవికి రాజీనామా చేసి చెన్నై సౌత్‌లో పోటీ చేశారు. పరీక్షలో అడిగితే నిషేధం ఉందని రాయకు, మార్కు పోతుంది.

గ్రూప్స్_ప్రిపేర్:
థాంక్యూ సార్, నోట్ చేసుకున్నా.

శ్రీకాకుళం_కుర్రాడు:
గిరి గారి గురించి మా వైపు వాళ్లెవరూ రాయకపోతే బాగుండదు. ఆయన పుట్టింది బరంపురంలో, గెలిచింది మా పాతపట్నంలో. 1937లో బొబ్బిలి రాజా వారి మీద గెలిచి మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి. స్వాతంత్ర్యం వచ్చాక సిలోన్‌లో మన హైకమిషనర్. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచి నెహ్రూ గారి దగ్గర కార్మిక మంత్రి. రెండేళ్లకే, 1954లో, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పుని ప్రభుత్వం మార్చిందని రాజీనామా చేసేశారు. కార్మికుల పక్షాన నిలబడి కేబినెట్ సీటు వదులుకున్న మంత్రి ఆయన, ఇది మా తాతయ్య ఎప్పుడూ చెప్పేవారు, చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

1957 ఎన్నికల్లో ఓడిపోయారు, అదే ఏడాది జూన్‌లో యూపీ గవర్నర్. కాబట్టి ఓరుగల్లు అన్న చెప్పిన "ఓడిపోతే పంపుతారు" అన్నది ఇక్కడ నిజమే. కానీ అక్కడ ఆగలేదు. యూపీ, కేరళ, మైసూరు, మూడు రాష్ట్రాలు, పదేళ్లు. 1967లో ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి.

పాత_పత్రికలు:
దీనికి ఇంకో సంగతి కలపాలి, తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే గానీ నాకూ తెలియలేదు. 1960 జూలై 1న గిరి గారు లక్నో నుంచి కేరళకి వెళ్లారు. అదే రోజు కేరళ నుంచి లక్నోకి వచ్చింది బూర్గుల వారు. ఇద్దరు తెలుగు గవర్నర్లు ఒకరి రాష్ట్రం ఒకరు మార్చుకున్నారు.

కల్వకుర్తి_నుంచి:
బూర్గుల వారిది మా పక్క ఊరు, పడకల్. ఆయన గురించి అందరూ ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, నాకు బాధగా ఉంటుంది. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి జనం ఎన్నుకున్న మొదటి ముఖ్యమంత్రి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడితే ఆయన రాష్ట్రమే లేకుండా పోయింది, కుర్చీ సంజీవరెడ్డి గారికి వెళ్లింది. అదే నవంబర్‌లో ఈయన కేరళ గవర్నర్. అక్కడికి వెళ్లిన కొన్ని నెలలకే 1957 ఎన్నికలు, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వం వచ్చింది. 1959 జూలై 31న ఆ ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసినప్పుడు గవర్నర్ ఈయనే. రద్దు తప్పని నేను నమ్ముతాను. సొంత రాష్ట్రాన్ని కేంద్రం నిర్ణయంతో పోగొట్టుకున్న మనిషి, మూడేళ్లు తిరగకుండా ఇంకో రాష్ట్రంలో ప్రభుత్వం పోవడానికి నివేదిక రాయాల్సి రావడం నన్ను చాలా కదిలిస్తుంది. లక్నో నుంచి వచ్చాక రాజ్యసభలో ఉన్నారు, 1967లో పోయారు.

నెల్లూరు_పెద్దాయన:
గోపాలరెడ్డి గారిని మర్చిపోకండి. బుచ్చిరెడ్డిపాలెం. శాంతినికేతన్‌లో చదువుకున్నారు, టాగూర్‌ని తెలుగులోకి తెచ్చారు. గిరి గారూ ఈయనా 1937లో ఒకే మంత్రివర్గం, అప్పటికి ఈయనకి ముప్పై ఏళ్లు. 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి. బూర్గుల వారిలాగే ఈయన రాష్ట్రమూ 1956లో కలిసిపోయింది. ఒకాయన కేరళకి వెళ్లారు, ఈయన మాత్రం ముఖ్యమంత్రిగా దిగి అదే కొత్త రాష్ట్రంలో సంజీవరెడ్డి గారి కింద మంత్రిగా చేరారు. ఈ రోజుల్లో ఎవరైనా చేస్తారా చెప్పండి. తర్వాత ఢిల్లీలో సమాచార, ప్రసార శాఖ. 1967లో లక్నో.

1970లో ఆయన చేసిన పని మీద మాత్రం మా ఇంట్లో పెద్ద వాదనలు జరిగేవి. చరణ్‌సింగ్ ముఖ్యమంత్రి, కాంగ్రెస్‌తో తెగిపోయింది. అక్టోబర్ 6న అసెంబ్లీ ఉంది, సభలో తేల్చుకుంటానన్నాడు ఆయన. అంతవరకు ఆగకుండా గోపాలరెడ్డి గారు రాష్ట్రపతి పాలన కోరారు. రాష్ట్రపతి అప్పుడు సోవియట్ యూనియన్ పర్యటనలో ఉన్నారు, కాగితం విమానంలో కీవ్‌కి పంపి అక్కడే సంతకం పెట్టించారు. ఆ రాష్ట్రపతి ఎవరనుకున్నారు? గిరి గారే. లక్నో గవర్నర్‌గా చేసిన ఒక తెలుగు మనిషి, లక్నోలో గవర్నర్‌గా ఉన్న ఇంకో తెలుగు మనిషి పంపిన కాగితం మీద కీవ్‌లో సంతకం పెట్టారు. గోపాలరెడ్డి గారంటే నాకు ఎంత గౌరవమైనా, ఆ ఐదారు రోజులు ఆగి ఉండాల్సింది.

పాత_పత్రికలు:
పెద్దాయన గారూ, కీవ్ సంగతి తెలుసు గానీ ఇద్దరూ 37లో ఒకే మంత్రివర్గం అన్నది నా నోట్సులో లేదు. చాలా థాంక్స్.

బే_ఏరియా_అమ్మ:
చదువుతుంటే ఆసక్తిగా ఉంది. మా పాప ఇక్కడ ఎనిమిదో క్లాసు. గవర్నర్ అంటే దాని బుర్రలో ఉన్నది వేరే. ఇక్కడ జనం ఓటేసి గెలిపిస్తారు, అక్కడి నుంచే అధ్యక్షులు అవుతారు, కార్టర్, రీగన్, క్లింటన్, చిన్న బుష్ అందరూ ముందు గవర్నర్లే. మన దగ్గర అలా ఎందుకు పెట్టలేదని అడిగింది, సమాధానం చెప్పలేకపోయాను.

గుంటూరు_లాయర్:
మన దగ్గరా మొదట ఎన్నికల ద్వారానే అనుకున్నారండీ. రాజ్యాంగ సభలో 1949లో మార్చారు. జనం ఎన్నుకున్న ముఖ్యమంత్రి ఒకరు, జనం ఎన్నుకున్న గవర్నర్ ఒకరు ఉంటే ఇద్దరూ కొట్టుకుంటారన్నది ముఖ్యమైన భయం. అందుకే రాష్ట్రపతి నియమిస్తారు, రాష్ట్రపతికి ఇష్టమున్నంతవరకు ఉంటారు. పాపకి ఇలా చెప్పండి, అక్కడి గవర్నర్‌కి ఇక్కడ సాటి వచ్చేది మన ముఖ్యమంత్రి. మన గవర్నర్ కూడా రాష్ట్రపతి దాకా వెళ్లగలడు, దారి వేరు. గిరి గారితో పాటు జాకిర్ హుస్సేన్ (బీహార్), శంకర్‌దయాళ్ శర్మ (మన రాష్ట్రం), ప్రతిభా పాటిల్ (రాజస్థాన్), కోవింద్ (బీహార్), ముర్ము (జార్ఖండ్), అందరూ గవర్నర్లుగా చేసినవాళ్లే.

బెజవాడ_84:
శర్మ గారి పేరు వచ్చింది కాబట్టి నేనూ రాస్తాను, లక్నో కాకపోయినా. 84లో నేను డిగ్రీ రెండో ఏడు. ఆగస్టు 16న రాంలాల్ ఎన్టీఆర్ గారిని దించేశాడన్న వార్త రేడియోలో విన్నప్పుడు మా హాస్టల్లో ఎవరూ అన్నం తినలేదు. గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే అమెరికా నుంచి వచ్చిన మనిషి. వీల్‌చైర్లో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు ఎమ్మెల్యేలను నిలబెట్టాడు.

ఆ రాంలాల్ ఎవరు? హిమాచల్‌లో రెండుసార్లు ముఖ్యమంత్రి, 1983లో కలప కుంభకోణం గొడవలో దిగిపోయి, కొన్ని నెలలకే మన గవర్నర్‌గా వచ్చాడు. ముఖ్యమంత్రిగా చేసిన మనిషికి సభలో బలం అంటే ఏమిటో తెలియదా? తెలిసే చేశాడు. ఆగస్టు చివర ఆయన్ని తీసేసి శంకర్‌దయాళ్ శర్మ గారిని పంపారు. సెప్టెంబర్ 16న ఆయనే ఎన్టీఆర్ గారితో మళ్లీ ప్రమాణం చేయించారు. శర్మ గారూ ముఖ్యమంత్రిగా చేసినవారే, 1952 నుంచి 56 దాకా భోపాల్ రాష్ట్రానికి. కాంగ్రెస్ అధ్యక్షుడు, కేంద్ర మంత్రి కూడా. ఇద్దరూ కాంగ్రెస్ వాళ్లే, ఇద్దరూ మాజీ ముఖ్యమంత్రులే, ఒకే నెలలో ఒకే రాజ్‌భవన్‌లో.

ఇంకొకటి. 1985 జూలై 31న ఢిల్లీలో శర్మ గారి కూతుర్నీ అల్లుడు లలిత్ మాకెన్‌నీ తీవ్రవాదులు చంపేశారు, ఆయన ఇక్కడ గవర్నర్‌గా ఉండగానే. అదే నవంబర్‌లో ఆయన్ని పంజాబ్ గవర్నర్‌గా పంపితే వెళ్లారు. ఆ గుండె ధైర్యం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఓరుగల్లు_బిడ్డ:
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను అన్నా. పంజాబ్ సంగతి తెలియదు.

మైసూరు_తెలుగు:
ముందు చేసిన పదవి గవర్నర్ పనిని మార్చిందా అంటే నాకు బర్నాలా గారు గుర్తొస్తారు. పంజాబ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1987లో ఆయన ప్రభుత్వాన్నే కేంద్రం రద్దు చేసింది. 1990లో తమిళనాడు గవర్నర్. 1991 జనవరిలో కరుణానిధి ప్రభుత్వం మీద నివేదిక ఇవ్వమంటే ఇవ్వనన్నారు. చివరికి గవర్నర్ నివేదిక లేకుండానే, రాష్ట్రపతి పాలన గురించి చెప్పే 356వ ఆర్టికల్‌లో ఉన్న "లేక ఇతర విధంగా" అన్న మాట పట్టుకుని రద్దు చేశారు. ఆయన్ని బీహార్‌కి మారిస్తే పదవే వదిలేసుకున్నారు. తర్వాత కేంద్ర మంత్రి అయ్యారు, ఉత్తరాఖండ్ మొదటి గవర్నర్ అయ్యారు, మన దగ్గరికీ వచ్చారు (2003-04), మళ్లీ తమిళనాడుకే వెళ్లి 2011 దాకా ఉన్నారు.

అదే మేముండే కర్ణాటకలో 1989లో బొమ్మై ప్రభుత్వాన్ని సభలో బలం చూపించనివ్వకుండా పంపిన గవర్నర్ మన తెలుగాయనే, నంద్యాల మాజీ ఎంపీ పెండేకంటి వెంకటసుబ్బయ్య. కేంద్రంలో హోం శాఖ సహాయ మంత్రిగా చేశారు. మద్దతు లేదని లేఖలు రాసిన 19 మంది ఎమ్మెల్యేల్లో ఏడుగురు వెనక్కి తగ్గినా ఆగలేదు. ఆ కేసులోనే 1994లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలతో, బలం తేల్చాల్సింది సభలోనే అని చెప్పింది. ఇక్కడ చదువుకున్నవాళ్లు బొమ్మై పేరు చెప్తారు, గవర్నర్ తెలుగువాడని చాలామందికి తెలియదు. మన జాబితాలో గర్వపడే పేర్లే కాదు, ఇదీ ఉండాలి.

గుంటూరు_లాయర్:
తప్పకుండా ఉండాలి. రాష్ట్రపతి పాలన కేసు ఏది వచ్చినా మొదట తీసేది ఆ తీర్పే.

వికారాబాద్_పంతులు:
లక్నో జాబితాలో ఒకరు మిగిలారు. బి. సత్యనారాయణరెడ్డి గారు, మా పాలమూరు వైపు సోషలిస్టు, తెలుగుదేశం తరఫున రాజ్యసభలో ఉండి 1990 ఫిబ్రవరిలో యూపీ గవర్నర్. బాబ్రీ కూలినప్పుడు ఆయనే ఉన్నారు. అంతకు ఐదు రోజుల ముందు, 1992 డిసెంబర్ 1న, కల్యాణ్‌సింగ్ ప్రభుత్వాన్ని ఇప్పుడు రద్దు చేయడం మంచిది కాదని కేంద్రానికి రాశారు. ఢిల్లీలో ప్రధాని పి.వి., లక్నోలో గవర్నర్ ఈయన, ఇద్దరూ తెలంగాణ వాళ్లే. ఆయన రాసింది సరైనదా కాదా అని నేను ఎన్నోసార్లు ఆలోచించాను. కల్వకుర్తి మిత్రుడు కేరళ రద్దు తప్పన్నారు, పెద్దాయన కీవ్ సంతకం తొందర అన్నారు, నేనూ వాళ్లతోనే. కానీ ఈ ఒక్కచోట మాత్రం నాకు ఏ సమాధానమూ నిలబడటం లేదు. తర్వాత ఆయన ఒడిశా గవర్నర్‌గా వెళ్లారు.

నెల్లూరు_పెద్దాయన:
పంతులు గారూ, అది నాకూ తేలలేదు.

పాత_పత్రికలు:
అందరికీ చాలా థాంక్స్. సరోజినీ నాయుడు గారి దగ్గర ఒకటి కలుపుతున్నా, ఆమె 1925లో కాంగ్రెస్ అధ్యక్షురాలు, కూతురు పద్మజా నాయుడు గారు 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నర్. లక్నో వరకు నోట్సు పూర్తయినట్టే, అక్బర్ అలీ ఖాన్ గారి వివరాలు ఒక్కటే పలచగా ఉన్నాయి. రాజ్యసభలో చాలా ఏళ్లున్నారు, లక్నో తర్వాత ఒడిశా గవర్నర్ అని రాసుకున్నా. పాతబస్తీ మిత్రులెవరైనా ఉంటే రాయండి.

తర్వాత ముంబై రాజ్‌భవన్ తీసుకుందామా? అక్కడా మనవాళ్లున్నారు.

బాపట్ల_తీరం:
తీసుకోండి. ఒక పేరు మా ఊరిది. కోన ప్రభాకరరావు గారు, మన అసెంబ్లీ స్పీకరు, తర్వాత పుదుచ్చేరి, సిక్కిం, 1985లో మహారాష్ట్ర. ఆయన తర్వాత అక్కడికి వెళ్లింది శంకర్‌దయాళ్ శర్మ గారే. 1988లో కాసు బ్రహ్మానందరెడ్డి గారు, 2014లో విద్యాసాగరరావు గారు. కాసు వారిది నరసరావుపేట మిత్రులు రాస్తే బాగుంటుంది. 1978లో చెన్నారెడ్డి గారు ఇందిర వైపు ఉంటే, అవతలి కాంగ్రెస్‌కి జాతీయ అధ్యక్షుడు ఆయనే కదా. పదేళ్లకి ఆయన్ని గవర్నర్ చేసింది ఇందిర కొడుకు ప్రభుత్వం. ఆ మధ్యలో ఏం జరిగిందో రేపు రాత్రి కూర్చుని రాస్తాను.